గాయపడిన కథానాయకులు: శనిమహాత్మ్యము మొదలు జపాను బొమ్మల కథ వరకు

(అరసికెరెలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



నేటి ప్రసంగమునకు మేము ఎంచుకొనిన విషయము కొందరికి వింతగా తోచవచ్చును. మన యిండ్ల పిల్లలు, ముఖ్యముగా బెంగుళూరు కళాశాలలలో చదువుచు సెలవులకు ఊరికి వచ్చువారు, జపాను దేశపు బొమ్మల కథలను సెల్‌ఫోనులలో చదువుచున్నారు. వానిని మాంగా అందురు. అందులో ఒకదాని పేరు ‘బెర్సెర్క్’. రాక్షసులు, రక్తపాతము, తెల్లవారని రాత్రులు గల కథ యిది. పెద్దలు ఒక పుట చూచి చాలునందురు. వారిది తప్పని మేము అనము. పసివారు చూడరాని పుటలు అందు చాల కలవు. పదునెనిమిదేండ్లు నిండనివారి చేతికి దాని నీయరాదనియే మా అభిప్రాయము. అయినను, దానిలో మీకు నచ్చిన దేమని పెద్దపిల్లలను మే మడిగినప్పుడు వారు యుద్ధములను గూర్చి చెప్పలేదు. ఘోరమైన దెబ్బ తిన్న మనుష్యుడు ఆ మరునాటినుండి ఎట్లు బ్రతుకును అను ప్రశ్నను గూర్చి చెప్పిరి. ఆ ప్రశ్న పావగడ తాలూకాలో పుట్టి పెరిగినవారికి కొత్తది కాదు.

శనిమహాత్మ్యము విననివారు మనలో అరుదు. పావగడ శనైశ్చరాలయమునకు శనివారములందు అటు ఆంధ్రమునుండియు ఇటు కర్ణాటకమునుండియు జనులు వచ్చుచునే యున్నారు. కథ మీ రెరిగినదే. నవగ్రహములలో అధికు లెవ్వరను చర్చ సభలో జరుగగా విక్రమార్కుడు శనిని ఎగతాళి చేసెను. ఏడున్నర యేండ్ల శని పట్టెను. మాయగుఱ్ఱ మెక్కి అడవిపాలై, పరదేశములో ఒక వర్తకుని యింట అతిథిగా నుండగా, చిత్రములోని హంస ముత్యాలహారమును మ్రింగెను. దొంగతనము రాజు నెత్తిన పడెను. ఆ దేశాధిపతి ఆతని కాలుసేతులు నరికించి పారవేయించెను.

ఇంతవరకు అందరికిని జ్ఞాపకమే. కడపట శని ప్రత్యక్షమై అవయవములు తిరిగి యిచ్చుటయు జ్ఞాపకమే. నడుమనున్న భాగమును మాత్రము మనము తొందరగా దాటిపోవుదుము. కాలుసేతులు లేని ఆ మనిషిని ఒక గానుగవాడు తన యింటికి తెచ్చుకొనెను. తిండి పెట్టెను. అంతటితో ఆగక, చేయగలిగిన పని యొకటి చూపెను: గానుగమీద కూర్చుండి ఎద్దును అదలించుట. దానికి చేతులు అక్కరలేదు, కాళ్ళు అక్కరలేదు, గొంతు చాలును. ఆ గొంతుతోనే విక్రమార్కుడు ఒకనాటి రాత్రి దీపకరాగము పాడెను. పట్టణములోని దీపములు వెలిగెను. రాజకుమార్తె ఆ పాట విని ఆతనిని వరించెను. దేవుని వరము ఇంకను రాలేదని గమనింపుడు. చేతులు రాకముందే పాట వచ్చినది. పాటకు ముందు గానుగవాని యింటి అన్నము వచ్చినది.

మరియొక విశేషము. వరము కోరుకొమ్మని శని యన్నప్పుడు ఆ రాజు రాజ్యము నడుగలేదు. నన్ను బాధించినట్లు మరియొకరిని బాధింపవలదని కోరెను. ఏడున్నర యేండ్లకు పూర్వము నిండుసభలో నవ్విన విక్రమార్కుని నోట ఈ మాట వచ్చియుండునా? కథానాయకుడు మారినాడనుటకు ఇంతకంటె నిదర్శనము మేము ఎరుగము.

ఇక జపాను కథకు వత్తము. దానిని వ్రాసి బొమ్మలు గీచినవాడు కెంతారో మియురా. 1989లో ఆరంభించి, 2021 మే 6వ తేదీన 54వ యేట ఆకస్మికముగా మరణించువరకు ముప్పది యేండ్లకు పైగా ఆ కథను సాగించెను. నాయకుని పేరు గట్స్. ఉరితీయబడిన తల్లి శవము క్రింద పుట్టినవాడు. కూలికి యుద్ధము చేయు సైనికులలో పెరిగి, పసితనములోనే పెంచినవాని వలనను, ఆతడు సొమ్ము పుచ్చుకొని అప్పగించిన మరియొకని వలనను చెప్పరాని హింస కనుభవించినాడు. ఒకరు భుజము తాకినను సహింపలేని యువకుడైనాడు. తరువాత గ్రిఫిత్ అను నాయకుని దండులో చేరి మొదటిసారి స్నేహమును, కాస్కా యను వీరవనితయందు ప్రేమను ఎరిగినాడు. ఆ గ్రిఫిత్‌యే కారాగారములో చిత్రహింస లనుభవించి, తన పూర్వ వైభవము తిరిగి రాదని తెలిసి, దానవత్వము కొరకు తన దండు నంతయు భూతములకు బలి యిచ్చెను. ఆ రాత్రి గట్స్ ఎడమచేతిని, కుడికంటిని పోగొట్టుకొనెను. కాస్కా మానభంగము పొంది మతి కోల్పోయెను.

ఈ ఘట్టమును విన్నప్పుడు మాకు సౌప్తికపర్వము జ్ఞాపకము వచ్చెను. అశ్వత్థామ గాయము కూడ నిజమైనదే. తండ్రిని మోసముతో చంపిరి. ఆ బాధను మోయలేక నడిరేయి శిబిరములో నిద్రించువారిని వధించెను. ఫలితము తలమీది మణి పోవుట, నెత్తురు చీము కంపుతో మూడువేల యేండ్లు ఒంటరిగా తిరుగుమను శాపము. మానని పుండునకు భారతకవులు గీచిన బొమ్మ యిది. తన గాయమునకు ఇతరుల నెత్తురు మందనుకొన్నవాని పుండు మానదని వ్యాసుడు చెప్పినను, తెనుగున తిక్కన చెప్పినను అర్థ మొక్కటే.

గట్స్ కూడ మొదట ఆ దారినే పోయెను. మతి లేని కాస్కాను ఒక కమ్మరి యింట విడిచి, రెండేండ్లు రాక్షసులను వేటాడుచు తిరిగెను. తిరిగి వచ్చునప్పటికి ఆమె ఎటో పోయినది. ఆ ముసలి కమ్మరి, పేరు గోడో, ఆతనిని సూటిగా మందలించును. నీవు పగకొరకు పోలేదు, దుఃఖమును ఎదురుగా చూడలేక పారిపోయినావు అని ఆ మాటల సారము. మాకు కథ యంతటిలో ఇదియే గుండెకాయగా తోచినది. పగ శౌర్యముగా కనబడును. ఇంటిలో మతి చెడిన మనిషి ప్రక్కన కూర్చుండుట శౌర్యముగా కనబడదు. రెండవదే కష్టమైనది.

కథలో ఒక మంత్రకవచము కలదు. దానిని తొడిగినవానికి నొప్పి తెలియదు. ఎముక విరిగినను యుద్ధము చేయుచునే యుండును. కవచమే లోపలికి ముళ్ళు దిగవేసి ఎముకలను కట్టియుంచును. వాడుకొలది గట్స్ తల నెరిసెను, రుచి తగ్గెను, రంగులు సరిగా కనబడకపోయెను. నొప్పి తెలియకుండుట నయమగుట కాదని ఇంత స్పష్టముగా చూపిన కల్పన మాకు మరియొకటి గుర్తు లేదు. ఆ మైకమునుండి ఆతనిని పేరు పెట్టి వెనుకకు పిలుచునది షీర్కె అను చిన్నపిల్ల, మంత్రవిద్య నేర్చుకొనుచున్న బాలిక. మన యూళ్ళలో ఆ కవచమును సారాదుకాణములో అమ్ముదురని ఒక మిత్రుడు అన్నాడు. మేము కాదనలేకపోతిమి.

కాస్కా నయమైన విధము మరింత ఆలోచింపదగినది. ఆమెను దినదినము కనిపెట్టి తల దువ్వి అన్నము పెట్టినది గట్స్ కాదు, ఫర్నీజ్ అను స్త్రీ. ఈ ఫర్నీజ్ పూర్వము మతము పేర మనుష్యులను కాల్చు దండునకు నాయిక. ఏమియు చేయనేరని తనకు ఒకరిని కాపాడు పని దొరకుటతో ఆమె స్వభావమే మారిపోయినది. గానుగవాడు విక్రమార్కునకు పని చూపినట్లే యిదియు. కడపట ఒక ద్వీపములో ఫర్నీజును షీర్కెయు కాస్కా స్వప్నములోనికి ప్రవేశింతురు. అక్కడ ఆమె ముక్కలైన బొమ్మయై శవపేటికలో నుండును. గాయపడిన కుక్క యొకటి దానిని ఈడ్చుచుండును. ముక్క వెంట ముక్క ఏరి బొమ్మను కూర్తురు. కాస్కాకు మతి వచ్చును. ఆ యిద్దరు స్త్రీలను గుర్తుపట్టి కౌగిలించుకొనును. కాని గట్స్ ముఖము చూడగానే ఆ రాత్రి కన్నులముందు నిలిచి కేకవేసి కూలిపోవును. ఏండ్ల తరబడి ఆమెకొరకు నడిచినవాడు దూరముగా నిలువవలసి వచ్చును. ఆతడు కోపగింపడు. ఇంతకాలము సేవ చేసితినే యని లెక్క చెప్పడు.

మన ‘చందమామ’ ధారావాహికలపై మాకు ప్రీతి తక్కువ కాదు. దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ చదివి పెరిగిన పెద్దలు ఈ సభలోనే యుందురు. ఆ వీరులు గండము వెంట గండము గడచి, బయలుదేరినప్పటి మనస్సుతోనే ఇల్లు చేరుదురు. బాలురకు అది చాలును. ఎదిగిన పిల్లలు మరియొకటి కోరుచున్నారన్నచో, వారు ఇండ్లలో చూచుచున్నదే అందుకు కారణము కావచ్చును. వానలు లేక పంట పోయి అప్పులు మిగిలిన కుటుంబములు మన తాలూకాలో కలవు. అకాలమరణమును చూచి మాటాడుట మానుకొనినవారు కలరు. చెప్పరానిది జరిగి నోరు విప్పని ఆడుబిడ్డలు కలరు. గాలి సోకినదనియో శని పట్టినదనియో అందుము. ఆలయమునకు తీసికొనిపోవుదుము, పోవలసినదే. వైద్యునియొద్దకు మాత్రము పోము, పోయినను కడుపునొప్పి యని చెప్పుదుము.

ఈ విషయములో మన ప్రాంతము వెనుకబడినది కాదని చెప్పుటకు సంతసించుచున్నాము. మనకు దూరము కాని బళ్ళారి జిల్లాలోనే, బెంగుళూరు నిమ్హాన్సు వైద్యులు 1980ల దశకములో పల్లెటూరి ఆరోగ్యకేంద్రములందు మనోవ్యాధులకు చికిత్స చేయు పద్ధతిని నడిపి చూపిరి. దేశమునకు జిల్లా మానసికారోగ్య కార్యక్రమము దానినుండియే వచ్చినది. 2022 అక్టోబరులో ‘టెలిమానస్’ అను దూరవాణి సహాయము ఆరంభమైనది, సంఖ్య 14416. అందు తెలుగునను కన్నడమునను మాటాడవచ్చును. ఇది స్వల్పవిషయము కాదు. బజారులో కన్నడము, కచ్చేరిలో కన్నడము మనకు ఎన్ని తరములుగనో అలవడియున్నవి. వానిని మనము పరాయివిగా తలంపలేదు. కాని మనస్సులోని పుండును చూపవలసి వచ్చినప్పుడు చాలమందికి అమ్మతో మాటాడిన మాటయే నోటికి వచ్చును. ఆసుపత్రికి పోవు ముసలమ్మ వెంట రెండు భాషలు వచ్చిన మనుమరాలు పోయినచో ఎంత మేలు! అయితే ఆ మనుమరాలి యెదుట చెప్పలేని మాటలును ఉండును. అప్పుడు ఆ దూరవాణియే మేలు.

పిల్లలు ఒక ప్రశ్న వేసిరి: మియురా మరణించెను గదా, కథ యేమగును అని. మన భారతమునకు పట్టిన గతియే దానికిని పట్టినది. అరణ్యపర్వములో నన్నయ విడిచిన చోటునుండి ఎఱ్ఱన పూరించి, నన్నయ కృతిపతియైన రాజరాజు పేరనే నిలిపెను. మియురాకు పాఠశాలనాటి మిత్రుడు కోజి మోరి. పూర్వమెప్పుడో మియురా ఆతనికి కథ నంతయు చివరివరకు చెప్పియుండెను. ఆ జ్ఞాపకమును ఆధారము చేసికొని, మియురా శిష్యులు బొమ్మలు గీయగా, 2022 జూనునుండి మోరి కథను నడుపుచున్నాడు. మిత్రుడు చెప్పినదే చెప్పెదను, నా సొంతము కలుపను అని ఆతని నియమము.

ఈ కొత్త భాగములో మతి వచ్చిన కాస్కాను గ్రిఫిత్ మరల తీసికొనిపోయినాడు. గట్స్ నిరాశలో మునిగి కత్తిని విడిచినాడు. అది విని ఒక పెద్దాయన, ఇంత చేసి మొదటికే వచ్చెనా యని విసుగుకొనెను. మొదటికి రాలేదని మా మనవి. మొదట ఆతడు ఒంటరివాడు. ఈసారి ఓడలో ఆతని ప్రక్కన షీర్కె యున్నది, ఫర్నీజ్ యున్నది, తిండి తినుమని బలవంతపెట్టువా రున్నారు.

 శనిమహాత్మ్యమును పూర్తిగా తెలుగున చదువగల పెద్దలు మన యూరిలో ఇంకను ఉన్నారు. గానుగ ఘట్టమును దాటవేయక, తీరికగా ఒక శనివారము సాయంకాలము పిల్లలకు వినిపింపవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాము.