రెండు తలుపుల బండి

క్రిందటి వేసవిలో జగ్గయ్యపేట నుంచి మా పినతండ్రిగారి అబ్బాయి కబురు చేసినాడు. "అన్నయ్యా! నందిగామలో స్పోర్ట్స్ కూపే ఒకటి అమ్మకానికి వచ్చింది. మిరపకాయల సొమ్ము చేతిలో ఉంది. అమ్మను కంటి వైద్యానికి బెజవాడ తీసుకొని వెళ్ళడానికీ పనికి వస్తుంది. నీవు వచ్చి చూచి చెప్పు" అన్నాడు. పిన్నిని కూడా వెంట రమ్మన్నాను. ముగ్గురమూ నందిగామలో కలిసినాము.

కూపే అన్నది ఫ్రెంచి మాట. కోయబడినది అని దానికి అర్థం. పెద్ద గుర్రపు బండిని కురుచ చేసి ఇద్దరు కూర్చునేటట్లు కట్టిన బండికి మొదట ఆ పేరు వచ్చినది. తరువాత రెండు తలుపులు, వాలు కప్పు గల కార్లకు అదే నిలిచినది.

షెడ్డులో ఉన్నది స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ శిల్పి మికెలొట్టి దీనికి రూపకల్పన చేసినాడు. 1959లో ఇంగ్లండులో ఇది కూపేగానూ, సెలూనుగానూ వెలువడినది. కూపేకు రెండు కార్బ్యురేటర్లు, 45 అశ్వశక్తి. 1961 నుంచి మద్రాసులో తయారైనది మాత్రం రెండు తలుపుల సెలూను. కాబట్టి అమ్మేవారి "స్పోర్ట్స్ కూపే" అన్న మాటలో ముచ్చట పాలు ఎక్కువ.

అయినను దీని సుగుణాలు తక్కువవి కావు. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్టు అంతా ఒక్కసారిగా ముందుకు లేచును. మెకానిక్కు నిలుచునే పని చేసుకొనవచ్చును. సుమారు 25 అడుగుల వలయంలో బండి తిరుగును. ఇరుకు బజారులో ఇది గొప్ప సదుపాయం. 948 ఘనసెంటీమీటర్ల ఇంజను గంటకు 70 మైళ్ళ వరకు లాగగలదు. కాని 60 మైళ్ళ వేగం అందుకొనడానికి అర నిమిషం పట్టును. నేటి నాలుగు వరుసల రహదారిలో, వెనుక లారీ తరుముకొని వచ్చుచుండగా, అర నిమిషం చాల పెద్ద కాలం.

మరొక విషయం. వెనుక చక్రాలు రెండూ ఊగు ఇరుసుల మీద విడివిడిగా కదలును. గతుకులలో ఇది సుఖమే. కాని మలుపులో వేగంగా పోవుచు హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే వెనుక భాగం పైకి లేచి, బయటి చక్రం లోపలికి ముడుచుకొనును. బండి తోక జారును. అందుచేత మలుపులో ప్రవేశించక ముందే వేగం తగ్గించవలెను. ఈ సంగతి తెలియని యువకుని చేతికి ఈ బండి ఇవ్వరాదు.

కాగితాల సంగతి కూడా అడిగినాను. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లును. పిదప అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకొనవలెను. అమ్మేవారు "అది తరువాత చూచుకుందాము లెండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

చివరకు పిన్నిని వెనుక కూర్చోబెట్టినాము. ముందు సీటు వంచగా ఆమె తలవంచి, ఒరిగి, ఎట్లో లోపలికి చేరినది. దిగేటప్పుడు మోకాళ్ళు సహకరించలేదు. నేనొక చేయి, తమ్ముడొక చేయి పట్టుకొనవలసి వచ్చినది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, "బండి ముచ్చటగా ఉంది నాయనా! అయితే డాక్టరు దగ్గరకు పోయినప్పుడల్లా మీ ఇద్దరూ రావాలి" అన్నది.

తమ్ముడు ఇంకేమీ అనలేదు. రెండు వారాల తరువాత నాలుగు తలుపుల పాత కారు ఒకటి, కాగితాలన్నీ సరిగా ఉన్నది, కొన్నాడు. పిన్ని కంటికి శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు బాగా చూడగలుగుచున్నది. నందిగామ మీదుగా పోవునప్పుడు మాత్రం ఆ షెడ్డు దగ్గర తమ్ముని కారు కాస్త నెమ్మదించునట. ఈ మాట పిన్నియే నాతో చెప్పినది.