ఇంటికి పెద్ద టీవీ: ఇరవై రెండు నెలలు చూసేది ఎవరు?



టీవీ గురించి మాట్లాడతామని చెప్తే కమిటీలో కొందరు నవ్వారు. నవ్వే సంగతి కాదు. మనలో చాలామంది సెలవు మీద ఇంటికి పోయినప్పుడు ఒక్క దెబ్బకు చేసే పెద్ద ఖర్చు టీవీయే. పెద్ద ఓలెడ్ టీవీ అంటే హెల్పర్ జీతం తీసుకునే తమ్ముడికి మూడు నాలుగు నెలల చెమట. అంత సొమ్ము పెట్టేటప్పుడు షోరూములో పది నిమిషాలు నిలబడి నిర్ణయం చేస్తున్నాం.

మేము అంటే ఒకే రూములో ఉండే ఆరుగురం. ఇద్దరు సూపర్‌వైజర్లం, ఒక ఎలక్ట్రీషియన్, షట్టరింగ్ పని ఇద్దరు, టైల్స్ పని ఒకరు. ఐటీఐ, డిప్లొమా చదువులు. టీవీ ఇంజినీర్లం కాదు. కానీ గోడ, కరెంటు, కొలత మా రోజువారీ పని. రెండేండ్లలో మా ఆరుగురిలో నలుగురి ఇండ్లకు టీవీలు వచ్చాయి. ప్రతిదానికీ రూములో పంచాయితీ జరిగింది. అందులో తేలిన సంగతులే ఇక్కడ చెప్తున్నాం.

మా పంచాయితీ ఎప్పుడూ ఒక ప్రశ్నతో మొదలయ్యేది. ఈ టీవీ ఎవరు చూస్తారు? మనం రెండేండ్లకు ఒకసారి రెండు నెలలు పోతాం. ఆ రెండు నెలలు కూడా చుట్టాలు, పెండ్లిళ్లు, బ్యాంకు పనులు. మిగతా ఇరవై రెండు నెలలు చూసేది అవ్వ, బాపు, ఇంటావిడ, పిల్లలు. మనమేమో దేరాలో షోరూము అద్దం ముందు నిలబడి మన కండ్లతో టీవీ కొంటున్నాం.

ముందు ఓలెడ్ అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. రాత్రిపూట ఒక టవర్ బిల్డింగును ఊహించుకోండి. మామూలు ఎల్ఈడీ టీవీ ఎట్లా ఉంటుందంటే, బిల్డింగు వెనక పెద్ద ఫ్లడ్ లైట్లు వేసి, ఒక్కో కిటికీకి పరదా వేసినట్టు. చీకటి కావాలంటే పరదా మూస్తారు, అయినా సందుల్లోంచి వెలుతురు కారుతుంది. అందుకే సినిమాలో రాత్రి సీను వస్తే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఓలెడ్‌లో ఒక్కో ఫ్లాటుకు ఒక్కో లైటు, ఒక్కో స్విచ్చి. 4కే తెర మీద 83 లక్షల చుక్కలుంటాయి, ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఆరుతుంది. ఆరిందంటే నిజమైన నలుపే. పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. చీకటి గదిలో సినిమా చూడటానికి దీన్ని మించినది ఈ రోజు ఇంటి టీవీల్లో లేదని మా అభిప్రాయం. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నామంటే, కింద చెప్పేవి విని మేము ఓలెడ్‌కు శత్రువులమనుకోవద్దు.

ఇంకొక మాట. డబ్బా మీద క్యూఎల్ఈడీ అని ఉంటే అది ఓలెడ్ కాదు. అది వెనక లైటు ఉన్న ఎల్‌సీడీ రకమే, రంగులు మెరుగుపరిచినది. ఒక్క అక్షరం తేడాతో మోసపోయినవాళ్లున్నారు. క్యూడీ-ఓలెడ్ అని రాసి ఉంటే మాత్రం అది ఓలెడ్ కుటుంబమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ చుక్కలు సేంద్రియ పదార్థంతో చేసినవి. వెలిగేకొద్దీ అరుగుతాయి. తెర అంతా సమానంగా అరిగితే కంటికి తెలియదు. ఒకేచోట ఒకే బొమ్మ రోజూ గంటల తరబడి నిలబడితే అక్కడ మాత్రం ఎక్కువ అరిగి, నీడలాగా మచ్చ మిగిలిపోతుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. మరి మన తెలుగు న్యూస్ చానళ్లను గుర్తు చేసుకోండి. మూలకు మెరిసే లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద స్క్రోలింగు, పక్కన ఇంకొక డబ్బా. పొద్దున కాఫీ నుంచి రాత్రి అన్నం దాకా బాపు అదే చానల్ పెట్టుకొని కూర్చుంటే? కొత్త మోడళ్లలో దీన్ని తగ్గించే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి, మునుపటంత భయం లేదు. మామూలుగా రకరకాలవి చూసే ఇంట్లో ఏండ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. కానీ రోజుకు ఎనిమిది పది గంటలు ఒకే న్యూస్ చానల్ నడిచే ఇంటికి ఓలెడ్ వద్దనే మేము చెప్తాం. ఈ మచ్చ అన్ని వారంటీల్లోకీ రాదు. కొనే ముందు అడిగి, జవాబు కాగితం మీద చూపించమనండి.

దీనికి తోడు మన ఇండ్లలో ఒక అలవాటుంది. పండుకునే ముందు అవ్వ బోర్డు మీద స్విచ్చి తీసేస్తుంది. ప్లగ్గు కూడా పీకుతుంది. మంచి అలవాటే, కరెంటు ఆదా. కానీ ఓలెడ్ టీవీ కొన్ని గంటలు నడిచాక, రిమోటుతో ఆఫ్ చేసినప్పుడు, లోపల తనంతట తాను తెరను సరిచేసుకునే పని ఒకటి పెట్టుకుంటుంది. కొన్ని నిమిషాలు పడుతుంది. బోర్డు దగ్గర కరెంటు తీసేస్తే ఆ పని జరగదు. రోజూ తీసేస్తే మచ్చలకు మనమే దారి ఇచ్చినట్టు. కాబట్టి ఓలెడ్ కొంటే అవ్వకు నేర్పాల్సిన మొదటి సంగతి ఇది: రిమోటుతో ఆపు, బోర్డు ముట్టకు. పిడుగులు పడేటప్పుడు మాత్రం ప్లగ్గు పీకాల్సిందే. ఈ రెండూ కలిపి ఫోన్లో చెప్పి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇక వెలుతురు. మన ఊళ్ల ఇండ్లలో టీవీ ఉండేది ముందు హాలులో. తలుపు పొద్దంతా తెరిచే ఉంటుంది, ఎదురుగా వాకిలి, వాకిట్లో ఎండ. తెర అద్దంలాగా మెరుస్తుంది. మా షట్టరింగ్ తమ్ముడి ఇంట్లో తలుపుకు ఎదురు గోడకే టీవీ బిగించారు. వాళ్ల బాపు ఫోన్ చేసి, "వార్తలు సూద్దామని కూసుంటె నా మొఖమే కనవడుతుందిరా అండ్ల" అన్నాడు. రూమంతా నవ్వాం. తర్వాత ఇంటావిడ చేత పక్క గోడకు మార్పించాడు, కిటికీకి పరదా వేయించాడు, సరిపోయింది. ఓలెడ్ కొత్తవి వెలుగు పెంచాయి గానీ, పట్టపగలు తలుపు తీసి చూసే హాలుకు మంచి ఎల్ఈడీయో, మినీ ఎల్ఈడీయో ఎక్కువ పనికొస్తుంది. పైగా అదే సొమ్ముకు ఇంకా పెద్ద సైజు వస్తుంది.

సైజు దగ్గరే అందరూ తొందరపడతారు. 55 అంగుళాలు అంటే మూల నుంచి మూలకు కొలత. వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, ఎత్తు 69. 65 అంగుళాలది వెడల్పు 144, ఎత్తు 81. ఇంట్లో వాళ్లను అడిగి ఆ కొలతకు పాత న్యూస్ పేపర్లు గోడకు అంటించమనండి, వీడియో కాల్‌లో చూడండి. బీరువా తలుపు తగులుతుందా, స్విచ్చి బోర్డు మునుగుతుందా అప్పుడే తెలుస్తుంది. కూర్చునే దూరం కూడా కొలిపించాలి. 4కే సినిమాకు 55 అంగుళాలదానికి ఐదున్నర నుంచి ఏడు అడుగుల దూరం బాగుంటుంది, 65కు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగులు. ఇది 4కే బొమ్మకు చెప్పే లెక్క. ఇంట్లో ఉన్నది పాత డిష్ డబ్బా, మామూలు చానళ్ల ప్యాకేజీ అయితే పెద్ద తెర మీద ముఖాలు పిండి బొమ్మల్లా కనిపిస్తాయి. అప్పుడు టీవీ మంచిది కాదని తిడతారు. హెచ్‌డీ డబ్బా, హెచ్‌డీ ప్యాకేజీ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. నెట్‌ఫ్లిక్స్ లాంటి వాటిలో 4కే చూడాలంటే ఇంటర్నెట్ 15 ఎంబీపీఎస్ దాకా నిలకడగా రావాలి. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్‌తో అయ్యే పని కాదు.

గోడ మా సొంత విషయం కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాం, ఓర్చుకోండి. స్టాండు లేకుండా కూడా 55 అంగుళాల టీవీ బరువు తక్కువేమీ కాదు. అద్దం చాలా పలచన. ఎర్ర ఇటుక గోడ అయితే రంధ్రం ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగాలి. చాలామంది బిగించేవాళ్లు ప్లాస్టరింగులోనే ప్లగ్గు తిప్పి పోతారు. ఇటుకల మధ్య సందులో పడకుండా ఇటుక నడుమ పడేటట్టు చూడాలి. చెక్క ముక్క దిగ్గొట్టి దానికి స్క్రూ వేస్తామంటే ఒప్పుకోవద్దు, ఎండాకాలానికి చెక్క ఎండి వదులవుతుంది. బోలు సిమెంటు దిమ్మెల గోడ అయితే దానికి వేరే యాంకర్లు ఉంటాయి, మామూలువి పట్టవు. స్విచ్చి బోర్డుకు నేరుగా పైన, నేరుగా పక్కన డ్రిల్లు పెట్టనీయకండి, వైరు పైపు పోయే దారి సాధారణంగా అదే. రసమట్టం పెట్టి చూడమనండి. ఇక ఎత్తు. మన దగ్గర దుబాయ్ టీవీ అంటే దేవుడి పటం పక్కన, దర్వాజ ఎత్తుకు పెడతారు. గౌరవమే గానీ మెడ పోతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కండ్లకు తెర నడిమి భాగం ఎదురుగా ఉండాలి, అంటే నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర. అవ్వ చాప మీద కూర్చుని చూసే ఇల్లయితే ఇంకా కిందికి.

ఎర్తింగు సంగతి మా ఎలక్ట్రీషియన్ అన్న చెప్పమన్నాడు. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఊళ్లో వైరింగు తెలిసిన మనిషిని పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య మీటరు పెట్టిస్తే 230 వోల్టుల దగ్గర చూపాలి. చూపకపోతే ముందు ఆ పని, తర్వాతే టీవీ.

ఇక ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా. రంజాన్ ఆఫర్లు, షాపింగ్ ఫెస్టివల్ ఆఫర్లు చూస్తే చెయ్యి ఆగదు. కానీ గుర్తుంచుకోండి. 2013 ఆగస్టు 26 నుంచి ఇండియా కస్టమ్స్ వాళ్లు ఫ్లాట్ టీవీని ఉచితంగా తెచ్చుకునే సామాన్ల లెక్కలోంచి తీసేశారు. ఆ తర్వాత ఏండ్లలో సుంకం, దాని మీద సర్‌చార్జీ కలిపి 38.5 శాతం దాకా కట్టినవాళ్లున్నారు. ఆ లెక్కన 80 వేల టీవీకి 30,800 రూపాయలు విమానాశ్రయంలో కట్టాల్సి వచ్చేది. బ్యాగేజీ రూల్స్, రేట్లు మారుతూ ఉంటాయి, కాబట్టి టికెట్ తీసే రోజున కస్టమ్స్ వెబ్‌సైట్‌లో ఉన్నది చూసుకోండి, క్యాంపులో విన్నది కాదు. డబ్బా నాలుగున్నర అడుగుల పొడుగు, విమానం వాళ్లు తీసుకుంటారో లేదో ముందే అడగాలి. ఇక్కడ కట్టిన 5 శాతం వ్యాట్ టూరిస్టులకు తిరిగి వస్తుంది, రెసిడెన్స్ వీసా మీద ఉన్న మనకు రాదు. ఇక్కడి వారంటీ చాలావాటికి అక్కడ చెల్లదు. ఓలెడ్‌లో ప్యానెల్ పోతే దాని ధర దాదాపు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి వారంటీ లేని ఓలెడ్ అంటే జూదమే.

అటు ఇండియాలో 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేని ధర లక్ష అయితే మునుపు 1,28,000, ఇప్పుడు 1,18,000. దసరా, దీపావళికి ఇంకా తగ్గిస్తారు, కొత్త మోడళ్లు దిగే ముందు పాతవి కూడా తగ్గుతాయి. మా లెక్కలో కరీంనగర్‌లోనో, నిజామాబాద్‌లోనో ఇంటావిడ పేరు మీద బిల్లు రాయించి కొనడమే మేలు. రిపేరు వస్తే ఫోన్ చేసేది ఆమె, బిల్లు ఆమె చేతిలో ఉండాలి.

ఏజెంటు అప్పు ఇంకా తీరని తమ్ముళ్లకు మాత్రం గట్టిగా చెప్తున్నాం. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు ఏడాదికి 24 వేలు. ఆ అప్పు ఉండగా ఓలెడ్ వద్దు. పక్కింటాయన ఏమనుకుంటాడో అనేది ఆ మిత్తి కట్టదు. మా టైల్స్ తమ్ముడు రూములో మూడు రోజులు అలిగాడు. చివరికి 55 అంగుళాల మామూలు ఎల్ఈడీ తీసుకొని, మిగిలిన సొమ్ముతో ఎర్తింగు, ఒక ఇన్వర్టరు పెట్టించాడు. కరెంటు పోయినప్పుడు కూడా అవ్వ సీరియల్ ఆగడం లేదు. మా ఎలక్ట్రీషియన్ అన్న మాత్రం ఓలెడే కొన్నాడు. అప్పు లేదు, పట్నంలో ఇల్లు, లోపలి గదికి పరదాలు, పిల్లలు రాత్రిపూట సినిమాలు, వార్తలు ఫోన్‌లో. అట్లాంటి ఇంటికి అది సరైనదే, మేమంతా ఒప్పుకున్నాం.

షోరూముకు పోయేవాళ్లకు ఒక మాట. అక్కడ వేసే పూల వీడియో చూసి మోసపోవద్దు. అది కండ్లు చెదరాలని పెట్టిన మోడ్. సినిమా మోడ్ పెట్టమనండి, మామూలు చానల్ వేయమనండి, తలుపు దగ్గరి వెలుతురులో చూడండి. కదలికలు నున్నగా చేసే సెట్టింగు ఆపించండి, లేదంటే సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. పలచటి టీవీలో శబ్దం కూడా పలచనే, బాపుకు చెవులు కొంచెం మందమైతే సౌండ్‌బార్ ఖర్చు పక్కన పెట్టుకోండి. డెలివరీ వచ్చినప్పుడు డబ్బాను నిలువుగానే దించాలి, పండబెట్టొద్దు, ఇద్దరు మోయాలి, తెర మీద అరచెయ్యి ఆనించొద్దు. డబ్బా విప్పి, టీవీ వేసి, తెల్ల బొమ్మ మీద గీతలు, చుక్కలు ఉన్నాయేమో చూసి, ఫోన్‌లో వీడియో తీసిన తర్వాతే సంతకం. పగిలిన తెరను వారంటీలో మార్చరు.

ఈ సంవత్సరం సెలవు మీద పోయేవాళ్లు ఎవరైనా ఉంటే గోడ కొలత, కూర్చునే దూరం, తలుపు ఏ దిక్కున ఉందో ఒక కాగితం మీద గీసుకొని సెలవు రోజు సాయంత్రం మా రూముకు రండి. ఇంటి నుంచి రెండు ఫోటోలు కూడా తెప్పించుకోండి, ఒకటి పగలు తలుపు తీసి, ఒకటి రాత్రి లైటు వేసి. టేపు మా దగ్గర ఉంది.