ఆకలే కాదు, పనిని కూడా అడుగుదాం

(కళాకారుల బతుకు కథలు సేకరించే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నన్ను మాట్లాడమన్న విషయం చూస్తే చిన్నదిగనే ఉంటది. మన పాటగాండ్లతోని, డప్పు కొట్టేటోళ్లతోని, చిందు ఆడేటోళ్లతోని, కిన్నెర మీటేటోళ్లతోని తీరుబడిగ కూర్చొని మాట్లాడుడు, ఆ మాటలను పత్రికలో అచ్చు వేసుడు ఎట్ల అన్నది విషయం. మాట్లాడుడు ఎవరికి రాదు అనుకుంటం. మాట్లాడుడు అందరికి వస్తది. అడుగుడు మాత్రం నేర్చుకోవాల్సిన పని.

ఒక పెద్దింటి సంగీత విద్వాంసుని దగ్గరికి పేపరు ఆయన పోతే ఏమడుగుతడు? మీ గురువు ఎవరు, ఎన్నేండ్లు సాధన చేసిన్రు, ఈ రాగాన్ని మీరు ఇట్ల ఎందుకు పాడుతరు, ఇప్పటి పిల్లల పాట మీకు ఎట్ల అనిపిస్తది అని అడుగుతడు. రెండు పేజీలు నింపుతడు. అదే పేపరు ఆయన మన వాడలో డప్పు కొట్టే తాత దగ్గరికి వస్తే? పించను వస్తుందా, ఇల్లు ఉన్నదా, పిల్లలు ఎంతమంది, సర్కారు ఆదుకున్నదా అని అడుగుతడు. నాలుగు ముక్కలు, ఒక ఫోటో, అయిపాయె. ఆయనను ఆలోచన అడిగిన్రు. మనల్ని ఆకలి అడిగిన్రు.

ఆకలిని అడుగుడు తప్పని నేను అనడం లేదు. ఆకలి ఉన్నది, చెప్పాల్సిందే. కాని ఆకలి ఒక్కటే అడిగితే చదివేటోడు అయ్యో పాపం అని పేజీ తిప్పుతడు. ఈ మనిషి చేతిలో ఒక విద్య ఉన్నది, తలలో ఒక లెక్క ఉన్నది అని వానికి తెల్వకనే పోతది. కులం బావి కాడ ఉన్నది, గుడి కాడ ఉన్నది, హోటల్ గ్లాసు కాడ ఉన్నది అని మనం చెప్పుకుంటం. అది అడిగే ప్రశ్నలో కూడా ఉన్నది. దాన్ని మనం గుర్తుపట్టాలె.

దర్శనం మొగిలయ్య సంగతి మీకు ఎరుకే. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, డక్కలి కులం, 12 మెట్ల కిన్నెర మీటి పండుగ సాయన్న కథ పాడే కళాకారుడు. 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. అదే ఏడు సినిమాలో కూడా ఆయన గొంతు వినిపించింది. 2024లో హైదరాబాద్ పక్కన కూలిపని చేస్తున్నడని పత్రికలు ఫోటో వేసినయి. పద్మశ్రీ నాడు సంబరం వార్త, కూలికి పోయిన నాడు జాలి వార్త. ఈ రెండు వార్తల నడుమ అసలు మనిషి ఏడ ఉన్నడు? కిన్నెరకు వెదురు ఏ కాలంలో కొట్టాలె? బుర్ర ఎంత ఎండాలె, పెద్ద బుర్ర ఎటు, చిన్న బుర్ర ఎటు కట్టాలె, ఎందుకు? మెట్టు మెట్టుకు దూరం ఎట్ల కొలుస్తరు, కొలబద్దతోనా, చెవితోనా? ఏ కథ ఏ ఊరిలో పాడాలె, ఏ ఊరిలో పాడొద్దు? ఇవీ అడగాల్సినవి. ఇవి అడగాలంటే ఒక పూట చాలది.

డప్పు సంగతే చూడుండ్రి. మన ఇంట్లో పుట్టిన వాయిద్యం కాబట్టి మనకంతా తెలుసు అనుకుంటం. తోలును సున్నంలో నానబెట్టి బూరు తీసుడు, చెక్క చట్రానికి తడి తోలు బిగించుడు, ఎండబెట్టుడు, వాయించే ముందు మంట కాడ కాపుడు. ఒక చేతిలో చిర్ర, ఒక చేతిలో సిటికెన పుల్ల. ఎంతసేపు కాపితే ఎంత మోగుతది, వాన ముసురులో మోత ఎందుకు కూర్చుంటది, చావుకు కొట్టే దెబ్బ ఏది, పెండ్లికి ఏది, జాతరకు ఏది, చాటింపుకు ఏది? దీంట్లో తోలు శాస్త్రం ఉన్నది, చప్పుడు శాస్త్రం ఉన్నది, ఊరి చరిత్ర ఉన్నది. ఆ తాత పోయిన్నాడు ఆయన ముందే డప్పు కొట్టి సాగనంపుతం. ఆ దెబ్బ ఆయనకు ఎవరు నేర్పిన్రో మాత్రం మనలో ఒక్కనికి తెల్వదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్తున్న. ఓపికతోని వినుండ్రి.

చిందోళ్లు, డక్కలోళ్లు ఎవరి మీద ఆధారపడి బతికిన్రు? మాదిగ వాడల మీద. జాంబపురాణం చెప్పింది, మాదిగల పుట్టుక కథను తరతరాలుగ మోసింది వాళ్లే. ఊర్లు పంచుకొని, మిరాశి హక్కుతోని వచ్చి ఆడి పాడి త్యాగం తీసుకొని పోయిన్రు. ఊరోళ్లు మనల్ని వాడ అవతల ఉంచిన్రు. మరి మనం? డక్కలోళ్లను మన వాడకు కూడా అవతలనే ఉంచినం. ఇంట్లకు రానియ్యలే. వాళ్ల కాడ మనమే దొరలమైనం. ఈ సంగతి దాచిపెట్టి, సెల్లు ఫోను పట్టుకొని పోయి "మీ కళ గురించి చెప్పుండ్రి" అంటే వాళ్లు ఏం చెప్తరు? ఇచ్చేటోనికి ఏం చెప్పాలెనో అదే చెప్తరు. దీవెన చెప్తరు. బతుకు చెప్పరు.

అందుకే అంటున్న, సంభాషణ అంటే ముందుగాల కూర్చునే జాగ మార్చుడు. వాళ్లు కింద, మనం మంచం మీద కూర్చుంటే అది సంభాషణ గాదు. వాళ్ల ఇంట్ల కూర్చోవాలె, వాళ్ల చేతి బువ్వ తినాలె. "మా వాడోళ్లు మీతోని ఎట్ల ఉన్నరు" అని మనమే అడగాలె. వచ్చే జవాబు మన మీద పడినా సరే, అచ్చు వెయ్యాలె. ఊరు మనకు చేసింది అడిగే హక్కు, మనం ఇంకొకరికి చేసింది వినే ధైర్యం ఉన్నోళ్లకే వస్తది.

ఇట్ల ఓపికతోని చేసిన పనులు ఉన్నయి. మూడు చెప్తాను.

మొదటిది చిందుల ఎల్లమ్మది. నిజామాబాద్ జిల్లా మనిషి, చిన్నతనం నుంచి చిందు ఆడిన మనిషి, 2005లో కన్నుమూసింది. ఆమె చెప్పిన బతుకు కథ "నేను చిందేల్ని" అనే పుస్తకంగ వచ్చింది. ఆ పేరు చూడుండ్రి. కులం పేరు చెప్పుకునుడు సిగ్గు అని లోకం నేర్పితే, ఆ పేరునే ఆమె పుస్తకానికి తలకాయ చేసిన్రు. ఒక ఆటగత్తె తన నోటితోని తన కథ చెప్తే ఆమె ఇంకొకరి పరిశోధనలో ఉదాహరణగ మిగలదు. తన కథకు తనే యజమాని అయితది.

రెండోది మన భాషది గాదు, తమిళనాట జరిగింది. పుదుచ్చేరి పక్క ఊరిలో వీరమ్మ అనే పరయ కులపు ఆమె ఉండేది. కూలికి పోయేది, మంత్రసానితనం చేసేది, చావు కాడ ఏడ్పుపాటలు పాడేది. జోసియన్ రసీన్ అనే ఆమె, యూరపులో పెరిగిన తమిళ బిడ్డ, పాటలు సేకరించుదామని ఆ ఊరికి వచ్చింది. పాటలతోని మొదలైంది బతుకు కథ దాకా పోయింది. పదేండ్లు సాగింది ఆ ముచ్చట. 1995లో ఫ్రెంచిలో, 1997లో ఇంగ్లీషులో పుస్తకమైంది.

దాంట్లో మనం నేర్చుకోవాల్సినవి రెండు ఉన్నయి. ఒకటి, పుస్తకం అట్ట మీద రాసినోళ్ల పేర్లలో వీరమ్మ పేరు ముందున్నది. అడిగినోళ్ల పేర్లు తర్వాత ఉన్నయి. చదువు రాని మనిషి రచయిత్రి కాగలదని ఆ అట్టే చెప్తది. రెండు, వీరమ్మ మనం కోరినట్టు మాట్లాడదు. ఊరి రెడ్డిని మనం తిట్టమన్నట్టు తిట్టదు. కొన్నిచోట్ల ఇది మా రాత అన్నట్టు చెప్తది. ఆమె కొడుకు తరం ఆలోచన వేరు. పుస్తకం ఆమె మాటను దిద్దలేదు. మనమైతే ఏం చేసేటోళ్లం? ఆమె నోట్లో మన నినాదం పెట్టేటోళ్లం. అట్ల పెడితే బలపడేది నినాదం, పోయేది ఆమె. దొరకు వంగి బతికిన మనిషి ఎందుకు వంగిందో, ఏడ లోపల నవ్వుకున్నదో, ఏ పాటలో కసి దాచుకున్నదో తెల్వాలంటే ఆమె మాట ఆమెకే ఉండాలె.

మూడోది శివసాగర్‌ది. కె.జి. సత్యమూర్తి, 1931లో పుట్టిండు. కవి, పీపుల్స్‌వార్ స్థాపకులలో ఒకడు. 1983లో "ఉద్యమం నెలబాలుడు" వచ్చింది. పార్టీలో కుల ప్రశ్న లేపిండు, బయటికి వచ్చిండు. ఆయన మేనకోడలు సుజాత గిడ్ల కాకినాడలో పెరిగి అమెరికా పోయి, న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కండక్టరు కొలువు చేసుకుంట, మేనమామను, కన్నతల్లిని అడిగి అడిగి వాళ్ల బతుకులు రాసింది. ఏనుగుల నడుమ చీమలు అని అర్థం వచ్చే పేరుతోని 2017లో ఇంగ్లీషులో ఆ పుస్తకం వచ్చింది. శివసాగర్ 2012లోనే పోయిండు. తన కథ అచ్చులో చూసుకోలేకపాయె. అయినా ఆయన ఉన్నప్పుడు అడిగిన్రు కాబట్టి అంతన్న మిగిలింది. ఆ పని చేయడానికి విశ్వవిద్యాలయం రాలేదు, అకాడమీ రాలేదు. కొలువు చేసుకునే ఒక ఆడబిడ్డ తన ఇంటోళ్లనే అడిగింది. మన ఇండ్లలో కూడా పెద్దోళ్లు ఉన్నరు గదా.

ఇగ పని సంగతికి వద్దాం. ఎట్ల చెయ్యాలె?

ఒకటి. ఆ మనిషికి ఆ దినం కూలి పోతది. కూలి కట్టియ్యాలె. మాట చెప్పుడు కూడా పనే. పెద్దోళ్ల ముచ్చట పైసలకు వస్తదా అని ఎవరన్న నవ్వితే నవ్వనియ్యుండ్రి.

రెండు. మొదటి దినం రికార్డు పెట్టొద్దు. ఊరికే పోవాలె, మీరు ఎవరి బిడ్డలో, ఎందుకు వచ్చిన్రో చెప్పాలె. రెండో దినం, మూడో దినం పోవాలె. ఒక్క పూటలో చెప్పేది అందరికి చెప్పే ముచ్చటే. నాలుగోసారి పోయినప్పుడు చెప్పేదే అసలు ముచ్చట.

మూడు. పటేల్ వాకిట్ల, సర్పంచి ముందట, పార్టీ నాయకుని పక్కన కూర్చొని అడగొద్దు. మనిషి బయటికొచ్చి మాట్లాడాలంటే వినేటోళ్లు ఎవరో ఆయనకు నమ్మకం ఉండాలె.

నాలుగు. చేతులను అడుగుండ్రి. "డప్పు ఎట్ల చేస్తరు" అంటే రెండు మాటలు చెప్పి ఊకుంటడు. "చేసి చూపియ్యి పెద్దయ్యా" అంటే చేతులు కదులుతయి, చేతుల వెంబడి మాటలొస్తయి. ఎవరు నేర్పిన్రు, ఎప్పుడు తప్పిన్రు, ఏ ఊరిలో దెబ్బలు పడ్డయి, ఏ రాత్రి ఆట బాగ కుదిరింది అన్నీ వస్తయి.

ఐదు. ఇంటి ఆడోళ్లను అడగకుంట రావొద్దు. డప్పు తోలు నానబెట్టింది ఎవరు? ఆటకు బట్టలు ఉతికి, మూటలు కట్టి, పిల్లలను ఎత్తుకొని ఊరూరు తిరిగింది ఎవరు? నాట్లలో పాట ఎత్తుకునే అక్కను కళాకారిణి అని ఏ పేపరూ రాయదు. మనం రాద్దాం. ఆమె పాట కట్టేటప్పుడు చరణం ముందు వస్తదా, పల్లవి ముందు వస్తదా అని ఒక్కసారి అడగుండ్రి. ఆమెకు జవాబు ఉంటది.

ఆరు. ఊకున్నప్పుడు ఊకోనియ్యుండ్రి. మనిషి ఆగిండంటే మాట అయిపోయిందని గాదు. లోపల ఏదో వెతుకుతున్నడు. మనం తొందరపడి ఇంకో ప్రశ్న వేస్తే అది దొరకదు.

ఏడు. ఆయన యాసను దిద్దొద్దు. పుస్తకం భాషలోకి మార్చినమంటే మనిషిని మార్చినట్టే. అర్థం గాని మాట ఉంటే పక్కన విడమర్చి రాయుండ్రి.

ఎనిమిది. రాసింది తీసుకపోయి ఆయనకు చదివి వినిపియ్యాలె. "ఇది వద్దు" అన్నది తీసెయ్యాలె. మనం రాసి వచ్చేస్తం, ఆయన ఆ ఊర్లనే ఉండాలె. దొర పేరు చెప్పినందుకు రేపు ఆయనకు పని దొరకకపోతే, మన పత్రిక ఆయన పొయ్యి వెలిగియ్యదు. ఏం బయటపెట్టాలె, ఎంత బయటపెట్టాలె అన్నది ఆయన ఇష్టం.

తొమ్మిది. పేరు ముందు ఆయనది, తర్వాత మనది. అచ్చయిన కాపీలు ఆయన ఇంట్ల ఉండాలె. ఫోనులో ఎక్కిన గొంతును ఒక్క ఫోనులోనే ఉంచొద్దు. ఫోను పోతే గొంతు పోతది. రెండు చోట్ల దాచుండ్రి. ఊరు, తారీఖు, అడిగినోళ్ల పేరు రాసి పెట్టుండ్రి. ఆ పాటను రేపు సినిమావాళ్లు ఎత్తుకపోతే, ఇది ఈమెది అని చెప్పడానికి అదే మన రుజువు.

ఇదంతా చేస్తే ఏమొస్తది, భూమి వస్తదా, కూలి పెరుగుతదా అని అడగొచ్చు. భూమి పోరాటం భూమి కాడనే చేద్దాం. కాని మనకు చదువు లేదు, విద్య లేదు, చరిత్ర లేదు అని చెప్పి కదా మనల్ని భూమికి దూరం పెట్టిన్రు. తోలుతోని, వెదురుతోని, గొంతుతోని ఇంత విద్య నిలబెట్టినోళ్లం మేము అని మన నోటితోనే చెప్పాలె. ఆ సాక్ష్యం వాడల్లో ముసలోళ్ల దగ్గర ఉన్నది. వాళ్లు మనకోసం ఆగరు.

ఇక్కడినుంచి పోయినంక ఒక్కొక్కరు ఒక్క పేరు రాసుకోండి. మీ ఊర్ల అందరికన్న పెద్ద పాటగత్తె, పెద్ద డప్పుగాడు, లేకపోతే ఏడాదికి ఒకసారి మీ వాడకు వచ్చే చిందు మేళం పెద్ద. వచ్చే పదిహేను దినాలలో మూడుసార్లు వాళ్ల ఇంటికి పోండి. పోయేటప్పుడు కూలి పైసలు తీసుకపోండి. మొదటి ప్రశ్న పించను గురించి అడగొద్దు. "నీకు ఈ పని ఎవరు నేర్పిన్రు" అని అడగండి. తర్వాత ఊకోండి, వినండి.

జై భీమ్.