కదలని చక్రాల కుర్చీ

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు అనుబంధమైన పునరావాస సంస్థ 1966లో ప్రారంభమైనది. దానికి సారథ్యం వహించిన డాక్టరు మేరీ వర్గీస్ తామే చక్రాల కుర్చీలో సంచరించినవారు. కాళ్ళు చచ్చుబడినంత మాత్రాన మనిషి పని ఆగదనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. కాని కుర్చీ ఆగరాదు. బ్యాటరీతో నడిచే కుర్చీ ఆగినప్పుడు, దాని బరువు వలన, ప్రక్కవారు నెట్టుట కూడ కష్టమే. కావున దాని మోటారు, బ్రేకుల మర్మం ఇంటిల్లిపాదికీ కొంత తెలియుట మంచిది.

సాధారణంగా ఈ కుర్చీకి పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు రెండు, ఎడమ కుడి చక్రాలకు చెరి ఒక మోటారు ఉంటవి. ప్రతి మోటారుకు ఒక బ్రేకు. సైకిలు బ్రేకు మనం నొక్కితే పట్టుకొంటుంది. ఇది అందుకు విపరీతం. స్ప్రింగులు దీనిని ఎల్లప్పుడు పట్టియే ఉంచుతవి. విద్యుత్తు ప్రవహించినప్పుడు మాత్రమే అయస్కాంతం స్ప్రింగుల బలాన్ని గెలిచి ఆ పట్టు విడిపిస్తుంది. మిట్ట ఎక్కుతుండగా బ్యాటరీ నీరసించినా కుర్చీ వెనుకకు దొర్లదన్న ధైర్యం దీనివల్లనే.

మోటారు ప్రక్కన ఒక మీట ఉంటుంది. చేతితో నెట్టదలచినప్పుడు దానిని త్రిప్పితే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇక బ్రేకు లేనట్లే. గంగవరం, పలమనేరు ప్రాంతాల ఎత్తుపల్లాల దారులలో, మనిషి కూర్చుండగా, ఆ మీట జోలికి పోరాదు. కుర్చీ కదలనప్పుడు మొదట చూడవలసినది కూడ ఈ మీటనే. అది విడిచి ఉంటే చాలా కుర్చీలు నడువ నిరాకరిస్తవి. పిమ్మట బ్యాటరీ బలం, వదులైన తీగెలు, త్రుప్పు పట్టిన కొనలు చూడండి. కంట్రోలరుపై దీపం మిణుకుతుంటే ఎన్నిసార్లో లెక్కించి, కుర్చీతో వచ్చిన పుస్తకంతో సరిపోల్చండి.

అప్పటికీ కదలకున్న, మనిషిని దింపి, చదునైన నేలపై వెనుక చక్రాలు పైకి లేచునట్లు గట్టి దిమ్మెలపై కుర్చీని నిలపండి. జాయ్‌స్టిక్‌ను కొద్దిగా ముందుకు త్రోసి చెవి యొగ్గండి. ప్రతి మోటారు వద్ద ‘టిక్కు’మని చిన్న చప్పుడు రావలెను. అది బ్రేకు విడిన సద్దు. చప్పుడు వచ్చియు చక్రం తిరుగకున్న మోటారులోని కార్బను బ్రష్షులు అరిగి ఉండవచ్చును. చప్పుడే రాకున్న బ్రేకు తీగచుట్టను, దాని ప్లగ్గును అనుమానించవలెను.

లోపం ఒక ప్రక్కనే ఉండి, రెండు ప్లగ్గులు ఒకే తీరువైతే, స్విచ్చి ఆపి, బ్యాటరీ విడదీసి, ప్లగ్గులు అటునిటు మార్చి, మరల కలిపి చూడండి. లోపం ఆ మోటారునే అంటిపెట్టుకొని ఉంటే తప్పు దానిదే. రెండవ దానికి మారితే కంట్రోలరుది. పరీక్ష ముగియగానే ప్లగ్గులు యథాస్థానంలో పెట్టవలెను. లేకున్న కుడికి పొమ్మంటే కుర్చీ ఎడమకు పోతుంది.

కుర్చీ ఒక ప్రక్కకే లాగుతుంటే ముందు టైర్లలో గాలి చూడండి. గాలి సరిగా ఉండి, ఒక మోటారు మాత్రమే అధికంగా వేడెక్కుతుంటే, దాని బ్రేకు పూర్తిగా విడుటలేదేమోనని అనుమానించండి.

ఒక్క పని మాత్రం చేయరాదు. బ్రేకు పట్టుకొన్నదని దానిని ఊడదీసి, కుర్చీ తిరుగుతున్నది గదా యని సంతోషించరాదు. ఇంటి నేలపై అది చక్కగానే నడుస్తుంది; వీధి వాలులో దానిని ఆపువారుండరు. నడుచుట ఎంత అవసరమో, నిలుచుట అంత అవసరం. బ్రేకు బాగుచేయించిన తరువాతనే మనిషిని కూర్చుండబెట్టండి.