పనిలోనుండి పుట్టు భాష



పెనుకొండకోట నీడలో బాల్యము గడపిన కవి పుట్టపర్తి నారాయణాచార్యులవారికి ఆంగ్లసాహిత్యమున రుచి కల్పించినది, ఆనాడచట సబ్‌కలెక్టరుగానుండిన దొరవారి సతీమణి పిట్ దొరసాని యని మన సీమలో చదువరు లెఱుగుదురు. పలుకును పట్టి మరల వినిపించు యంత్రము విద్యార్థి చేతికి రాని యా దినములలో, సంస్కృతాంధ్రముల నడుమ పెరుగుచున్న బాలుని, ఆమె చూపిన త్రోవను, పరభాషాకావ్యములకడకు నడిపినది అతని లోని తృష్ణయే. రేపు హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల కళాశాలలలో ఆంగ్లము బోధింపబోవు మీతో నేను ముచ్చటింపగోరునది ఆ తృష్ణను గూర్చియే.

నేడు ఆ తృష్ణతో మీ యెదుట కూర్చుండువా రెవరు? 2019లో ఎఱ్ఱమంచినుండి తొలికారును వెలువరించిన కియా కర్మాగారమున కొలువు కోరు డిప్లొమా యువకుడు. 2014లో భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరపు పట్టుచీరను, మధ్యవర్తి ప్రమేయము లేక, దూరదేశపు కొనుగోలుదారునకు తానే చూపనెంచు నేతగాని కూతురు. బోల్టు నెంత బిగింపవలెనో, ఎచ్చట చేయి పెట్టరాదో తెలుపు సూచనను చదివినంతనే గ్రహించుట అతనికి కావలెను. పడుగు, పేక, జరీ, కొంగు అనువానిని కొనువాని భాషలో నాలుగు ముక్కలలో చెప్పగలుగుట ఆమెకు కావలెను. ఇట్టి పాఠము అచ్చుపుస్తకమున సిద్ధముగా దొరకదు. మీరే మగ్గము చెంతకును, కర్మాగారపు వాకిటికిని పోయి, అచ్చటి మాటలను ఏరి కూర్చుకొనవలెను.

ఇక యంత్రముల సంగతి. స్మార్ట్‌ఫోను చేయు మేళ్లలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది సిగ్గును పోగొట్టుట. తరగతిలో పదుగురి యెదుట నోరు మెదపని యా బాలిక, రాత్రి మగ్గపు సద్దు అణగిన పిమ్మట, తన పలుకును తానే రికార్డు చేసి విని, పదిమార్లు దిద్దుకొనును, నవ్వువా రుండరు. పలికినది తెరపై అక్షరములై కనబడగా, తాననుకొన్నదానికిని వినబడినదానికిని గల భేదమును తానే కనిపెట్టును. ఆ యంత్రము మన యాసను తప్పుగా వినుటయు కలదు గనుక, యాసనే దోషముగా నెంచి ఆమెను నొప్పింపక, వినువానికి అర్థమగుచున్నదా యనుటనే కొలతగా గైకొనుడు. అడిగినంతనే ఉత్తరములు వ్రాసిపెట్టు యంత్రములును నేడు వచ్చినవి. ముందు విద్యార్థి చిత్తుప్రతి, పిదపనే యంత్రపు సవరణ యను క్రమమును మాత్రము తప్పనీయకుడు.

తొలిపాఠము మొదలిడకమునుపు ప్రతి విద్యార్థిని, “నీకీ భాష యే పనికి కావలె?” నని తెలుగులోనే అడుగుడు, వారి యుత్తరమును వ్రాసియుంచుకొని, మీ బోధన నచ్చటనుండి ప్రారంభింపుడు.