జబ్బు కనబడకపోవడం వేరు, నయం కావడం వేరు



ఈ రోజు పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ గురించి నాలుగు మాటలు మీతో చెప్పాలనుకుంటున్నాను. "బ్లడ్ క్యాన్సర్" అనగానే "ఇంక ఏముంది, అంతా అయిపోయింది" అనుకుంటాము. ఇది సినిమాలు మనకు నేర్పిన భయం. ఆ భయం తప్పు. కానీ దానికి ఎదురుగా ఇంకొక తప్పు కూడా ఉంది. అదేమిటో చెప్పడానికి ముందు ఒక కుటుంబం సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక రైతు తన ఆరేళ్ళ కొడుకును మా వార్డుకు తీసుకొచ్చాడు. పరీక్షల్లో లుకేమియా అని తేలింది. నెల రోజులు వైద్యం చేశాము. బాబుకు జ్వరం తగ్గింది, ముఖంలో కళ వచ్చింది, అన్నం తినసాగాడు. మళ్ళీ పరీక్ష చేసి, "రిపోర్టులో జబ్బు కనబడటం లేదు" అని నేనే చెప్పాను. ఆయన చేతులు జోడించి, ఇంటికి వెళ్ళాడు. నాట్ల కాలం. బాబు చక్కగా ఆడుకుంటున్నాడు. "బాగున్న పిల్లవాడికి మందులెందుకు?" అన్నారు ఇరుగుపొరుగువారు. మందులు ఆగిపోయాయి. ఎనిమిది నెలల తరువాత అదే బాబును ఆయన మళ్ళీ ఎత్తుకొని వచ్చాడు. తిరిగి వచ్చిన జబ్బును లొంగదీయడం మొదటిసారి కంటే చాలా కష్టం.

ఆ తండ్రిని నేను తప్పు పట్టను. "జబ్బు కనబడటం లేదు" అని నేనన్నాను, "జబ్బు లేదు" అని ఆయన విన్నాడు. ఈ రెండింటికీ ఉన్న తేడా నేను విడమరచి చెప్పలేదు. అందుకే ఈ రోజు చెబుతున్నాను.

మన ఎముకల లోపల మెత్తగా ఉండే పదార్థాన్ని మూలుగ అంటాము. రక్తంలోని ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అక్కడే తయారవుతాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లుకేమియాలో, ఎదగని తెల్లకణాలు మూలుగలో అదుపు లేకుండా పెరుగుతాయి. కలుపు పెరిగితే వరికి చోటు ఎక్కడుంటుంది? అలాగే మంచి కణాలకు చోటు చాలదు. ఎర్రకణాలు తగ్గి బిడ్డ పాలిపోతాడు. ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది, ఒంటి మీద నల్లని మచ్చలు వస్తాయి. మంచి తెల్లకణాలు తగ్గి జ్వరం విడవదు. కొందరు పిల్లలు కాళ్ళ ఎముకల నొప్పితో నడవలేరు.

జబ్బు బయటపడే నాటికి బిడ్డ ఒంట్లో సుమారు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలు ఉండవచ్చు. మొదటి నెల వైద్యంతో అందులో నూటికి తొంభైతొమ్మిది వంతులు చచ్చిపోయాయనుకోండి. సూక్ష్మదర్శినిలో చూస్తే మూలుగ మామూలుగానే కనిపిస్తుంది. కానీ లెక్క వేయండి! ఇంకా వెయ్యి కోట్లు మిగిలే ఉన్నాయి. పైకి కనబడే కలుపు తీశాము, విత్తనాలు మాత్రం నేలలోనే ఉన్నాయి. పది వేల కణాల్లో ఒక్క చెడ్డ కణం ఉన్నా పట్టుకునే పరీక్షలు ఇప్పుడు ఉన్నాయి. అవి బాగున్నాయని వచ్చినా వైద్యం పూర్తి చేయవలసిందే.

ఈ సంగతి తెలుసుకోవడానికి వైద్యులకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ కథ మొదట్లోనే ఒక తెలుగువాడు ఉన్నాడని మీకు తెలుసా? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో పనిచేశారు. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో పిల్లల వైద్యం చేస్తున్న సిడ్నీ ఫార్బర్, ఆ విటమిన్ ఇస్తే లుకేమియా ఇంకా ఉధృతమవుతున్నట్టు గమనించారు. అయితే దానికి ఎదురు పనిచేసే మందు ఇస్తే? సుబ్బారావుగారి బృందం అలాంటి మందులనూ తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ ఫలితాలను ప్రకటించారు. ఎమినోప్టెరిన్ అనే మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కు తగ్గింది. అంతకు ముందు వారాల్లో చనిపోయే పిల్లలు లేచి తిరిగారు. కానీ కొన్ని నెలలకే జబ్బు మళ్ళీ వచ్చింది. సుబ్బారావుగారు కూడా అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఒక్క మందు చాలదని అలా తెలిసింది. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన మెర్‌కాప్టోప్యూరిన్ 1953లో వాడుకలోకి వచ్చింది. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టీన్ అనే మందు తీశారు. (అలాగని ఆ ఆకు నూరి తాగకండి. దానితో లుకేమియా తగ్గదు, ప్రమాదం కూడా.) 1960లలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్, ఆయన సహచరులు ఈ మందులన్నిటినీ కలిపి, రెండు మూడేళ్ళ పాటు ఇచ్చారు. మామూలు మందులు సరిగా చేరలేని మెదడు చుట్టూ దాగిన కణాల కోసం వేరే వైద్యం చేశారు. మొదటిసారిగా సగం మంది పిల్లలు పూర్తిగా బ్రతికి బయటపడ్డారు. నేడు సంపన్న దేశాల్లో నూటికి 90 మంది వరకు నయమవుతున్నారు. కాబట్టి రెండున్నరేళ్ళ మందు అనేది డాక్టరు తోచినట్టు చెప్పిన లెక్క కాదు. త్వరగా ఆపిన చోటల్లా జబ్బు తిరిగి వచ్చిందని చూసి నేర్చుకున్న పాఠం.

అమెరికాలో ఇటీవలి కాలంలో ఒక అధ్యయనం జరిగింది. మందుసీసా మూత ఎప్పుడు తెరిచారో నమోదు చేసే పరికరం పెట్టి, పిల్లలు మెర్‌కాప్టోప్యూరిన్ ఎన్ని రోజులు వేసుకున్నారో చూశారు. 2015లో వెలువడిన ఫలితం ఇది: నూటికి 95 రోజుల కంటే తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువ. అంటే నూరు రోజుల్లో ఐదు రోజులకు మించి మానినా ప్రమాదమే! చిన్న మాత్రే కదా అనుకోవద్దు.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఇలాంటి బిడ్డ ఉంటే ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి.

జ్వరం విడవకుండా బిడ్డ పాలిపోతున్నా, మచ్చలు వస్తున్నా ముందు సి.బి.పి. రక్తపరీక్ష చేయించండి. కారణం తేలకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు వేయించవద్దు. వాటితో కొద్ది రోజులు జబ్బు అణగి, అసలు సంగతి కనబడకుండా పోతుంది.

నిలకడ వైద్యంలో మెర్‌కాప్టోప్యూరిన్ రోజూ వేయాలి. మెథోట్రెక్సేట్ మాత్రలు మాత్రం వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. ఏ వారమో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

మందులు వాడే బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి రండి. ఆస్పిరిన్ ఇవ్వవద్దు.

బిడ్డ కక్కుకున్నా, మాత్ర మరచిపోయినా దాచకండి. మేము కోప్పడము. తెలిస్తేనే సరిచేయగలము.

డబ్బు లేకపోయినా, ఛార్జీలు లేకపోయినా, పొలం పనులు అడ్డువచ్చినా మందు ఆపే ముందు మాకు ఒక్క మాట చెప్పండి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. దగ్గరలో రక్తపరీక్ష చేయించి ఫోనులో చెప్పే ఏర్పాటు కూడా చాలాసార్లు కుదురుతుంది.

పొరుగువారికి కూడా ఒక మాట. జుట్టు ఊడిన బిడ్డను చూసి దూరంగా జరగకండి. ఇది అంటుకునే జబ్బు కాదు. "బాగానే ఉన్నాడుగా, ఇంకా మందులా?" అని ఆ తల్లిని అడగకండి. "ఈ రోజు మాత్ర వేశావా అమ్మా?" అని అడగండి. మీ ఇంటి నుంచి ఒక పూట అన్నం పంపినా, ఆసుపత్రికి తోడు వెళ్ళినా అది కూడా వైద్యంలో భాగమే.

సుబ్బారావుగారి బృందం తయారుచేసిన ఆ మందుల్లో ఒకటే ఈ మెథోట్రెక్సేట్. అది భీమవరం పక్క పల్లెలో ఉన్న బిడ్డకు కూడా నేడు అందుతోంది. వేయవలసిన రోజున, వేయవలసినంత, చివరి రోజు వరకు వేయడం ఇక మన చేతుల్లో ఉంది.