బొమ్మ అక్షరము కాదు

(నాగాయలంకలో గ్రంథాలయాభిమానుల సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



కృష్ణవేణి సముద్రునితో సంగమించుటకు ముందు మన ముంగిటనుండి సాగిపోవు ఈ నాగాయలంకలో గ్రంథాలయమును గూర్చి నాలుగు మాటలు చెప్పు భాగ్యము నాకు లభించినది. గ్రంథాలయమనగా నేమి? గోడలా? బీరువాలా? పుస్తకములా? ఇవన్నియు నుండియు, చదువగోరి వచ్చినవానికి పుటలు తెరచుకొనకపోయినచో దానిని గ్రంథాలయమనవచ్చునా? ఈనాడు పుస్తకము కాగితమును విడిచి తెరమీది కెక్కినది. ఆ తెరమీది పుటలు మనలో కొందరికి మాత్రమే తెరచుకొని, తక్కినవారికి మూసికొని యున్నవి. ఆ మూతకు కారణము దైవము కాదు, దారిద్ర్యము కాదు, మన అజాగ్రత్త. నా ప్రసంగ సారాంశ మింతే.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమ మెట్లు పుట్టెనో ఒక్కసారి స్మరింపుడు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. చిలకమర్తివారు చిన్ననాటినుండి రేచీకటితో పోరాడినవారు. పిదప చూపు పూర్తిగా పోగా, ఇతరులచే చదివించుకొని, ఇతరులచే వ్రాయించి సాహిత్యసేవ సాగించిరి. కావున చూపు మందగించిన చదువరి మన గ్రంథాలయోద్యమమునకు నిన్న మొన్న వచ్చిన అతిథి కాడు. తొలి సభ అధ్యక్షపీఠముననే అతడు కూర్చుండెను. ఆ పీఠమున కూర్చుండినవానికే నేడు మన పుటలలో చోటు లేకపోవుట న్యాయమా?

మరియొక సంగతి. 1935లో పాతూరి నాగభూషణముగారు మొదలగువారి కృషిచే కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయము నడచెను. రేవున పడవ ఆగును; పల్లెవారు పుస్తకములు తీసికొందురు; మరల పడవ వచ్చినప్పుడు తిరిగి యిచ్చెదరు. చదువరి పుస్తకముకడకు రాలేనిచో పుస్తకమే చదువరికడకు పోవలయునని ఆ పడవ బోధించిన నీతి. నేడు ప్రతివాని చేతిలోను ఫోనను పడవ యున్నది. ఇందు పత్రిక వచ్చును, పాఠ్యపుస్తకము వచ్చును, పంచాయతీ ప్రకటన వచ్చును, పరీక్షాఫలితము వచ్చును. పడవ రేవునకు వచ్చినది గాని, కొందరికి దిగుడుమెట్లు కట్టుట మరచితిమి.

చూపులేనివాడు ఫోనున ఎట్లు చదువునని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. తెరమీది అక్షరములను గ్రహించి బిగ్గరగా చదివి వినిపించు సాధనము కలదు. దానిని స్క్రీన్ రీడర్ అందురు. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అను పేర అట్టిది ముందే అమర్చబడియున్నది. కంప్యూటరునందు వాడుకొనుటకు ఎన్‌వీడీఏ అనునది 2006లో ఆస్ట్రేలియా దేశమున ప్రారంభమైనది. దానికి ధర లేదు. ఇట్టి సాధనములు తెలుగునుకూడ పలుకగలవు. వ్రేలితో చదువువారికి ఆ అక్షరములనే బ్రెయిలీ చుక్కలుగా మార్చి పైకి లేపు పలకలును ఉన్నవి. భారతీయ భాషలకన్నిటికి ఏకరూపమైన భారతి బ్రెయిలీ 1951లోనే స్థిరపడినది; తెలుగు బ్రెయిలీ అందొక శాఖ. యంత్రము సిద్ధము, లిపి సిద్ధము, చదువరి సిద్ధము. సిద్ధముగా లేనిది మనము తయారుచేయు పుటయే.

ఏలయన, ఈ యంత్రము చదువునది అక్షరమును, బొమ్మను గాదు. ఒక కాగితమును ఫోటో తీసి తెరమీద పెట్టినచో మన కంటికి అది అక్షరములవలె కనబడును. యంత్రమునకో, అది చెట్టు బొమ్మయైనను చేప బొమ్మయైనను ఒక్కటే. “ఫోటో” అని పలికి ఊరకుండును. వేలకొలది పాత తెలుగు గ్రంథములు ఈ విధముగానే తెరమీదికి వచ్చినవి. చిత్తూరు మండలము కాటూరున జన్మించి, మానవుని మాటను యంత్రమునకు నేర్పుటకు కృషిచేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన ఆచార్య రాజ్ రెడ్డిగారి ప్రేరణతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఆ గ్రంథములను చెదలబారినుండి కాపాడెను. ఆ ఉపకారము సామాన్యము గాదు. కాని కాపాడుట మొదటి మెట్టు. చదివించుట రెండవ మెట్టు. మన పొరుగున శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెనుగున కావ్యము చేయుమని రాయలను ఆజ్ఞాపించెనని ఆముక్తమాల్యద చెప్పును. అట్టి గ్రంథపు పుటలు ఛాయాచిత్రములై నిలిచినచో, దేవుడు కోరిన తెనుగు కన్నులేని తెనుగువానికి మూగపోవును.

రెండవ చిక్కు ఇంతకన్న సూక్ష్మమైనది. మన అచ్చుకూటములలో అనేక సంవత్సరములుగా అను ఫాంటులు మొదలైనవానితో తెలుగు కూర్చుచున్నారు. వీనియందు తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు మున్నగు ముక్కలను ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలో అమర్చియుందురు. కాగితముపై అచ్చు ముద్దుగా పడును. కాని యంత్రము లోపల చూచునది తెలుగు కాదు; పొంతనలేని ఆంగ్ల చిహ్నముల వరుస. ఆ పుటను పీడీఎఫ్‌గా చేసి పంపినచో స్క్రీన్ రీడర్ దానిని పిచ్చివాని ప్రేలాపనవలె చదువును. దీనికి మందు క్రొత్తగా కనుగొనవలసినది లేదు. ప్రపంచభాషల కన్నిటికి ఉమ్మడి సంకేతమైన యూనికోడ్ 1991లో వెలువడిన తొలి ప్రతినుండియు తెలుగునకు చోటిచ్చినది. తెలుగు ‘క’ ఏ దేశపు యంత్రమునందైనను తెలుగు ‘క’గానే యుండును. మందు మూడు దశాబ్దములకు పైగా అలమారునందున్నది. మనము సీసా మూత తీయలేదు.

ఇది పండితుల వినోదమని తలపకుడు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమవారికి నేను గుర్తుచేయ నక్కరలేదు. సొర్లగొంది పేరు చెప్పిన చాలును, మీలో పెద్దల కన్నులు చెమర్చును. నాడు హెచ్చరిక చేరవలసినవారికి చేరవలసిన రీతిని చేరలేదు. వేలకొలది ప్రాణములు ఉప్పెన పాలయ్యెను. నేడు వాయుగుండము పుట్టిన గంటనుండి ఫోనులలో సమాచారము వచ్చుచునే యుండును. 2023 డిసెంబరులో బాపట్లకడ తీరము దాటిన మిచాంగ్, 2025 అక్టోబరులో వచ్చిన మొంథా తుఫానులకు మనమందరము ఫోను చూచుకొనుచునే కూర్చుంటిమి. కాని ఆ ప్రకటన సంతకముతో కూడిన కాగితపు ఫోటోగా వచ్చినచో, గ్రుడ్డివాని ఫోను ఏమి చెప్పును? “ఫోటో” అని చెప్పును. అధికారి మాటాడిన వీడియో క్రింద అక్షరములు లేనిచో చెవిటివాడు చూచునది కదలు పెదవులు మాత్రమే. ఏ బడిలో ఆశ్రయ మేర్పరచిరో, ఏ గంటకు బండి వచ్చునో తెలియక ఇంట కూర్చుండినవానికి, నాటికిని నేటికిని భేదమేమి? తీరవాసికి చదువదగిన ప్రకటన ప్రాణరక్షణ సాధనము.

పుట తెరచుకొన్నచో ఏమి జరుగునో చూపుటకు దూరదేశముల కేగ నక్కరలేదు. బందరు దాపున సీతారామపురమున పుట్టుచూపు లేని శిశువుగా శ్రీ బొల్లా శ్రీకాంత్ జన్మించిరి. పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువుటకు నాటి నిబంధనలు అడ్డుపడెను. న్యాయస్థానమున పోరాడి అనుమతి పొందిరి. పాఠ్యపుస్తకములను శ్రవ్యరూపమున సమకూర్చుకొని చదివి, నూటికి 98 వంతున మార్కులు తెచ్చుకొనిరి. పిదప అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి పలువురు వికలాంగులకు పని కల్పించిరి. ఆయన ప్రతిభను పొగడి మనము చేతులు దులుపుకొనుట సులభము. నేనడుగునది వేరు. ఆయన పాఠములు వినదగిన రూపమున దొరకినవి గనుక ఆ ప్రతిభ లోకమునకు తెలిసినది. దొరకక తెలియకుండ పోయినవారెందరు?

శాసనము మాటేమి యందురా? శాసనము మనకన్న ముందే నడచినది. 2012లో మన గ్రంథస్వామ్య చట్టమును సవరించి, వికలాంగులు చదువదగిన రూపమున గ్రంథములను తయారుచేయుట నేరము గాదనిరి. 2013 జూనులో మరాకేష్ నగరమున ఇదే ఆశయముతో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. 2014లో దానిని ధ్రువపరచిన మొట్టమొదటి దేశము భారతదేశమే. వికలాంగుల హక్కుల చట్టము, 2016 ఎలక్ట్రానిక్ సమాచారము అందరికి అందుబాటున ఉండవలెనని విధించినది. అదే యేట సుగమ్య పుస్తకాలయ అను ఆన్‌లైన్ గ్రంథాలయము వెలసినది. అందుబాటు నియమములు వట్టి సలహాలుగా మిగులరాదు, తప్పనిసరి కావలెనని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. డిజిటల్ సేవల అందుబాటు జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న మరల చాటెను. ఐరోపాలో 2025 జూను 28నుండి ఎలక్ట్రానిక్ పుస్తకములుకూడ అందరు చదువదగినట్లుండవలెనను శాసనము అమలులోనికి వచ్చినది. తీర్పులు ఢిల్లీలో వెలువడును. పుటలు మాత్రము మన ఊళ్ళలో, మన అచ్చుకూటములలో, మన కార్యాలయములలో తయారగును.

ఇక ఆక్షేపణలు. “ఇట్టివారు ఎందరుందురు? కొందరికొర కింత శ్రమయా?” అందురు. 2011 జనాభా లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు తేలిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందే 22 లక్షలకు పైబడియుండిరి. ఆ లెక్కలో చేరని ముదుసలుల మసకచూపును కలుపుడు; అక్షరములు తారుమారుగా తోచు పిల్లలను కలుపుడు; చేయి వణకి తెరను తాకలేనివారిని కలుపుడు. పైగా నిజమైన అక్షరములతో చేసిన పుట అందరికి మేలు. అందు మాటను వెదకవచ్చును, అక్షరమును పెద్దది చేయవచ్చును, నారుమడిలో పనిచేయుచు వినవచ్చును.

“నేటి యంత్రములు బొమ్మలోని అక్షరములనుగూడ చదువుచున్నవి గదా!” అని మరియొక ఆక్షేపణ. చదువుచున్నవి, సంతోషము. కాని ఒత్తును మ్రింగును, అరసున్నను సున్న చేయును, అంకెను అంకెగా నిలుపదు. మందు మోతాదులోను, పరీక్షతేదీలోను ఒక్క అంకె తప్పినచో అనుభవించువాడు యంత్రము గాదు. వ్రాసినవానికి క్షణము పట్టు పనిని చదువువాని నెత్తిన జీవితాంతపు బరువుగా మోపుట ధర్మమా? ఇక దొంగప్రతుల భయమున పుస్తకమునకు తాళము వేయు ప్రకాశకులకు నా మనవి: తాళము వేయుడు, కాని ఆ తాళము చదివి వినిపించు గొంతును నొక్కకుండునట్లు చూడుడు.

చేయవలసిన పనులు కొద్దియే. తెలుగును యూనికోడున వ్రాయుడు. అచ్చుకొరకు పాత ఫాంటు తప్పనిచో, తెరమీద పెట్టు ప్రతిని మార్చి పెట్టుడు. శీర్షికను లావుపాటి అక్షరములతో మాత్రము విడువక శీర్షికగా గుర్తింపుడు. చెవితో చదువువాడు పుటలో దారి తెలిసికొనునది దానివలననే. ప్రతి బొమ్మకు ఒక వాక్యము జోడింపుడు. “పటము” అని వ్రాసి ఊరకొనక, “పులిగడ్డకడ రెండు పాయలై దివిసీమను చుట్టి సముద్రమున కలియు కృష్ణానది పటము” అని వ్రాయుడు. ప్రసంగపు వీడియో క్రింద అక్షరములు నడపుడు. ప్రకటన ఫోటోతోపాటు ఆ మాటలనే అక్షరములుగా పంపుడు. పాత గ్రంథముల మాటకు వచ్చినచో, తెలుగు వికీసోర్సునందు స్వచ్ఛంద సేవకులు పుటల ఛాయలను ఒక్కొక్కటిగా సరిచూచి అక్షరములుగా మార్చుచున్నారు. మన యువకులు దినమున కొక పుట చొప్పున ఆ పనిలో చేయి వేసినచో ఏడాదిలో ఒక్కొక్కని పేర ఒక మంచి గ్రంథము నోరు తెరచును. చివరిది పరీక్ష: మీరు తయారుచేసినదానిని పంపుటకు ముందు టాక్‌బ్యాక్ పెట్టి, కన్నులు మూసికొని వినుడు. మీకు అర్థము కానిది వారికిని అర్థము కాదు.

పురాణ కాలక్షేపములతో, హరికథలతో, కూచిపూడి భాగవతముతో పెరిగిన సీమ యిది. ఒకడు చదువ ఊరందరు విని గ్రంథమును తమదిగా చేసికొనిన దేశమిది. చెవితో చదువుట మనకు తాతలనాటి విద్య. ఆ విద్యకు అడ్డుగా మన చేతులతో మనమే బొమ్మల గోడ కట్టుకొనుట తగదు. వ్రాయువాడు అక్షరమును అక్షరముగా వ్రాయుగాక. చదువగోరిన ప్రతివాడు ఆ అక్షరమును తనకు చేతనైన రీతిని, కంటితోనో చెవితోనో వ్రేలితోనో, చదువుకొనుగాక.